యూరప్ సరుకు కొన్న పెళ్ళికొడుకు

నా పెళ్ళి ఆల్బం చివరిదాకా చూసినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. ముప్పాతిక దాకా మర్యాదగానే తిప్పుతారు. ఒక ఫొటో దగ్గర ఆగిపోతారు. నా మొహంలోకి చూస్తారు, మళ్ళీ ఫొటోలోకి చూస్తారు, టీ గ్లాసు కింద పెట్టి నవ్వడం మొదలుపెడతారు. కింద పెట్టనివాళ్ళకి టీ ముక్కులోంచి వస్తుంది. ఆ ఫొటో వెనక ఉన్న ప్రళయం ఇవాళ మీకు చెబుతాను. నవ్వుకోండి, నాకేం బాధ లేదు, అలవాటైపోయింది. చదివేటప్పుడు మాత్రం వేడివేడివి ఏవీ చేత్తో పట్టుకోకండి, తర్వాత నన్ను అనద్దు.

మాది కోవూరు. వరి మడులు మా నాయన చూసుకుంటాడు. మైపాడు వైపు సముద్రం పక్కన ఉన్న రొయ్యల గుంటలు నేను చూసుకుంటాను. రొయ్యలు పెంచేవాడికి లోకంలో ఒకటే ప్రశ్న, సరుకు ఎక్కడికి పోతోంది అని. సంతకి పోతే సంత సరుకు. ఓడెక్కితే ఎక్స్‌పోర్టు సరుకు. అందులోనూ యూరప్‌కి పోయేది ఉందే, దాని దర్జాయే వేరు. దాన్ని నీళ్ళలో ఉండగా పరీక్ష చేస్తారు, ఐసులో పెట్టాక పరీక్ష చేస్తారు, పెట్టెకెక్కాక మళ్ళీ పరీక్ష చేస్తారు. పిల్లనిచ్చేవాళ్ళు పెళ్ళికొడుకుని కూడా అంతగా విచారించరు. అందుకే మా గుంటల దగ్గర మనిషి మంచివాడని చెప్పాలంటే, "వాడు యూరప్ సరుకురా" అంటాం. ఈ మాట గుర్తుంచుకోండి. నా కొంప ముంచింది ఇదే.

గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే ఆయన కూతురు సుజనతో నాకు పెళ్ళి కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్న రోజు మా కాబోయే మామ మామూలుగా ఒక మాట అడిగాడు.

"పెళ్ళి గూడూరులో గదా. అమ్మాయిని కోవూరికి ఎట్ట తీసకపోతారు? మంచి కారేదన్నా మాట్లాడమంటావా బాబూ?"

దానికి "సరే మామా" అంటే అయిపోయేది. అల్లుడి నోట్లో శని అంటారే, అది నా నోట్లో అప్పటికే చాప పరుచుకుని పడుకుని ఉంది.

"బాడుగ కారెందుకు మామా! మీ అమ్మాయిని నా సొంత కార్లో కూర్చోబెట్టుకొని, నేనే తోలుకొని పోతాను. అట్టాంటిట్టాంటి కారు గూడా కాదు. నెల్లూరు జిల్లాలో ఇంకోటి ఉండకూడదు."

అంత మంది ముందు అన్నాను. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పటికి నాకున్న సొంత వాహనం రొయ్యల మేత తోలుకొచ్చే ట్రాలీ ఆటో.

ఆ రాత్రి సుజన ఫోన్ చేసింది. "నాకు డ్రైవింగ్ వచ్చు. మా నాయన నిమ్మకాయల వ్యాను నేనే తోలతాను. కావాలంటే ఆ రోజు సగం దూరం నేను తోలతాను లెండి" అంది.

నేను గొప్పగా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "నువ్వు నా పక్కన కూర్చుంటే చాలు సుజనా!" అన్నాను.

"సరే అయితే. గుర్తు పెట్టుకుంటాను" అంది. ఆడవాళ్ళు గుర్తుపెట్టుకుంటామంటే ఊరికే అనరని అప్పటికి నాకు తెలియదు.

కార్తీక మాసం వానల్లో నేనూ నా స్నేహితుడు పెంచలయ్యా కారు కోసం మద్రాసు వెళ్ళాం. పెంచలయ్యకి కార్ల గురించి ఏమీ తెలియదు. నాకూ తెలియదు. ఇద్దరం కలిస్తే ఒకరికి తెలిసినట్టు ఉంటుందని వెళ్ళాం. పాత కార్లు అమ్మే బ్రోకరు ఒకాయన షెడ్డు తలుపు తీసి, పైన కప్పిన గుడ్డ లాగాడు.

లోపల రెండే సీట్ల పాతకాలపు స్పోర్ట్స్ కారు! పండిన గూడూరు నిమ్మకాయ రంగు. పొడుగాటి ముక్కు, గుండ్రటి కళ్ళు. నేలకి ఎంత దగ్గరగా ఉందంటే, పడుకుని లేవడం మర్చిపోయిన ఆవులా ఉంది. మామ నిమ్మకాయల వ్యాపారి, కారు నిమ్మకాయ రంగు. ఇది దైవ నిర్ణయం కాకపోతే ఇంకేమిటి చెప్పండి?

బ్రోకరు గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్నట్టు అన్నాడు. "సార్, ఇది యూరోపియన్ స్పెక్ సార్. అక్కడి వాళ్ళ కోసమే చేసినది. ఈ ఊర్ల ఇట్టాంటిది కిడైక్కాదు, దొరకనే దొరకదు."

యూరోపియన్! నా చెవిలో ఓడ కూత వినిపించింది. ఇంక పరీక్ష చేయడానికి ఏముంది? మూడు పరీక్షలూ వాళ్ళే చేసి ఉంటారు గదా!

పెంచలయ్య మాత్రం కిటికీలోంచి తొంగిచూసి, "ఒరే మధూ, స్టీరింగ్ ఎడం పక్క ఉండాదేందిరా?" అన్నాడు.

"అది యూరప్ సరుకురా. అట్నే ఉంటాది."

"ఏసీ కనబళ్ళేదే?"

దానికి బ్రోకరు ఇంజను వేసి చూపించాడు. బయట జోరున వాన. మేం తడిసి ముద్దయి ఉన్నాం. కాళ్ళ దగ్గర రంధ్రాల్లోంచి వెచ్చటి గాలి వచ్చి, చలికి బిగుసుకున్న మోకాళ్ళని అమ్మ చేత్తో నిమిరినట్టు నిమిరింది.

"ఆహా!" అన్నాను.

"ఆహా!" అన్నాడు పెంచలయ్య కూడా. అనుమానం ఆవిరైపోయింది.

ఆ వెచ్చటి గాలి ఆపడానికి ఉన్న మీట ఎప్పుడో విరిగిపోయిందని, అది మంచు కురిసే దేశాల కోసం పెట్టిన ఏర్పాటని, వైశాఖంలో నెల్లూరు ఎండకి అది ఏం చేస్తుందో అని, ఇద్దరు మగాళ్ళలో ఒక్కడికీ తట్టలేదు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా లేనిది నా బుర్ర ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో మొదటి టోల్ గేటు దగ్గర తెలిసింది, కట్టించుకునే కిటికీ కుడి పక్క, నేను ఎడమ పక్క. దిగి, ముక్కు చుట్టూ తిరిగి వెళ్ళి కట్టాను. వెనక లారీలన్నీ పెళ్ళి బ్యాండులా హారన్లు కొట్టాయి. తర్వాత గేటు నుంచి ఆ పని పెంచలయ్యకి ఇచ్చాను.

రెండో కష్టం ముందున్న లారీని దాటడం. నేనున్న వైపు నుంచి లారీ వెనక రాసిన కవిత్వం తప్ప ఇంకేమీ కనబడదు. కాబట్టి పెంచలయ్య కుడి కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పాలి.

"రా... రా... వచ్చెయ్... ఒద్దొద్దొద్దు! బస్సు! బస్సు! సచ్చినాం రా నాయనా!"

"ముందే చెప్పొచ్చు గదరా!"

"నేను చెప్తానే ఉండా, బస్సు ఇనలా!"

గూడూరు దాటాక అరిచి అరిచి అలసిపోయి, సీటు వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మనుబోలు దగ్గర పోలీసాయన చూశాడు. ఆయన చూసిందేమిటో మీరూ ఊహించుకోండి. మన దేశంలో కుడి సీట్లో ఉండేవాడు డ్రైవరు. ఆ డ్రైవరు గురకపెడుతున్నాడు. కారు మాత్రం బుద్ధిగా పోతోంది. ఆయన ఈల ఊదుతూ కుడి కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఒరే! బండి తోలతా నిద్రపోతావా?"

పెంచలయ్య కళ్ళు తెరవకుండానే, "లైసెన్సు లేదు సార్. నాకు బండి తోలను రాదు" అన్నాడు.

ఆయన పాపం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నేను ఎడమ పక్క నుంచి స్టీరింగ్ చూపించి, లైసెన్సు చూపించి, పెళ్ళి కుదిరిన సంగతి కూడా చెప్పుకున్నాక వదిలిపెట్టాడు. "ఇట్టాంటి బండిలో పెళ్ళాన్ని ఎక్కిస్తావా? బో ధైర్యస్తుడివి" అని దీవించాడు.

బండి పూజకి మామ స్వయంగా గూడూరు నుంచి ఏరిన నిమ్మకాయలు తెచ్చాడు. పూజారి చక్రాల కింద పెట్టాడు. ఊరంతా చూస్తుండగా గేరు వేశాను. కారు ముందుకి కదిలింది, నిమ్మకాయని తాకింది, ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ దగ్గింది. నాలుగు నిమ్మకాయలు ఎక్కలేని స్పోర్ట్స్ కారుని ప్రపంచం చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్నట్టు, ఆ దగ్గుల్లోనే బోలెడు పెట్రోలు తాగింది. చివరికి వెనక నుంచి అందరూ తోశారు.

"మా కాయ గట్టిదిలే అల్లుడా. నువ్వేం అనుకోబాక" అని మామ నన్ను ఓదార్చాడు. అల్లుడి పరువు కాపాడటానికి తన కాయ మీద నింద వేసుకున్న మంచి మనిషి ఆయన. ఆ మనిషికిచ్చిన మాట తప్పకూడదని అప్పుడు ఇంకా గట్టిగా అనుకున్నాను.

వైశాఖం వచ్చింది, పెళ్ళి వచ్చింది. గూడూరులో పొద్దున్నే తాళి కట్టేశాను. కోవూరులో గృహప్రవేశానికి సాయంత్రం ముహూర్తం, అది దాటితే మంచి ఘడియ లేదన్నారు. మండపం బయట నిమ్మపండు కారు బంతిపూల దండలు వేసుకుని నిలబడి ఉంది. మామ తరఫు వాళ్ళు, మా తరఫు వాళ్ళు, ఫొటోగ్రాఫరు, బ్యాండు మేళం, అందరూ చుట్టూ చేరారు. నేను ఎడమ తలుపు తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాను. సుజన ఒడిబియ్యం మూటతో వచ్చి కుడి పక్క కూర్చుంది. నా జన్మ తరించింది. అది తరించి ఉన్న కాలం, అగ్గిపుల్ల వెలిగి ఆరినంత.

"ఆగండ్రా!"

జేజి. మా నాయనకి తల్లి. మనిషి మూరెడు, గొంతు బారెడు. జనాన్ని చీల్చుకుని వచ్చి కారు ముందు నిలబడింది.

"బిడ్డా, నువ్వు యాడ కూర్చోనుండావు? దిగు ముందు!"

సుజన దిగింది. నాకు అర్థం కాలేదు. "ఏంది జేజీ?"

"ఏంది జేజీనా? తాళి కట్టి పూట గాలేదు, పెళ్ళాన్ని కుడి పక్కన కూర్చోబెట్టుకుంటావా? కుడి పక్కన కూర్చునేది కూతురురా! పెళ్ళాం ఎడం పక్క! పీటల మీద ఎటు కూర్చున్నింది ఇప్పుడు దాకా?"

"జేజీ, కారు ఎడం పక్క స్టీరింగుది. నేను ఎడం పక్క కూర్చుంటే ఆమె కుడి పక్క కాక యాడ కూర్చుంటాది?"

"అట్టాంటి కారు కొనమని నేను చెప్పినానా?"

"అది యూరప్‌ది జేజీ!"

"ఆ దేశంలో పెళ్ళాలు లేరా?"

నేను పురోహితుడి వైపు దీనంగా చూశాను. ఆయన శాలువా సర్దుకుని, "అమ్మ చెప్పింది శాస్త్రమే నాయనా. భార్యది వామభాగం" అని నా నోట్లో మట్టి కొట్టాడు.

ఇక సలహాలు మొదలయ్యాయి. వేరే కార్లో తీసుకుపోదామన్నారు. నేను కుదరదన్నాను. అంతమంది ముందు మామకిచ్చిన మాట! "నా సొంత కార్లో, నేనే తోలుకొని" అన్న మాట. అది పోతే గూడూరులో తలెత్తుకుని తిరగ్గలనా? సుజనని నా ఎడమ పక్కన, తలుపుకీ నాకూ మధ్య ఇరికిస్తే ఎలా ఉంటుందని ఒక పెద్దాయన కొలత చూశాడు. అక్కడ ఒక నిమ్మకాయ కూడా పట్టదు. అప్పుడు పెంచలయ్య జనంలోంచి చెయ్యెత్తాడు.

"నేనొకటి చెప్పనా? రివర్సులో పోతే సరి. ఎడం కుడి అయిపోతాది, కుడి ఎడం అయిపోతాది!"

మీరు నమ్మరు, పదిమంది పెద్దలు దాని గురించి నిజంగా ఆలోచించారు. ఇద్దరు వెనక్కి తిరిగి నడిచి కూడా చూశారు.

ఇంజను వేసి ఉంచడంతో ఆ వెచ్చటి గాలి నా పంచెలోకి దూరుతోంది. ఎండ నడినెత్తి నుంచి వాలుతోంది. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. నేను ఎర్రగా ఉడికి, వంకర తిరిగి, అచ్చం నా గుంటలో సరుకులాగే తయారయ్యాను. అప్పుడు సుజన గొంతు వినిపించింది. మెత్తగా, చాలా వినయంగా.

"జేజీ, నేను ఆయనకి ఎడం పక్క కూర్చుంటే సరిపోతాదా?"

"అదే గదమ్మా నేను ఇందాకటి నుంచి మొత్తుకునేది!"

సుజన కారు ముక్కు చుట్టూ తిరిగి నా వైపు వచ్చింది. తలుపు తీసింది.

"కొంచెం అటు జరగండి" అంది.

"యాడికి?"

"కుడి పక్కకి."

"మరి బండి ఎవరు తోలతారు?"

"మీరే గదా అన్నారు, పక్కన కూర్చుంటే చాలని. కూర్చుంటా ఉండాను." అని గాజులు పైకి తోసుకుంది.

నేను మామ వైపు చూశాను. జేజి వైపు చూశాను. జేజి పురోహితుడి వైపు చూసింది. ఆయన మళ్ళీ శాలువా సర్దుకున్నాడు. "ఎడమ పక్క కూర్చోవాలని ఉంది గానీ, కూర్చుని ఏం చేయకూడదో శాస్త్రంలో లేదమ్మా" అన్నాడు.

"అయితే పోనీండ్రా, ముహూర్తం దాటిపోతాది!" అంది జేజి.

జరిగాను. ఇంకేం చేస్తాను? సుజన స్టీరింగ్ ముందు కూర్చుంది. గేరు వెయ్యాలంటే ఒడిబియ్యం మూట అడ్డం. దాన్ని తీసి నా ఒళ్ళో పెట్టింది. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫరు నొక్కాడు. ఆల్బంలో ఉన్నది అదే. పట్టుచీర కట్టుకుని స్టీరింగ్ పట్టుకున్న పెళ్ళికూతురు, పక్కన ఒళ్ళో ఒడిబియ్యంతో, తలవంచుకుని, సిగ్గుపడుతున్న పెళ్ళికొడుకు. నెల్లూరు జిల్లాలో ఇంకోటి ఉండకూడదన్నాను గదా, లేదు.

ఒక్క దగ్గు లేకుండా కారు కదిలింది. నాకు దగ్గిన కారు ఆమెకి ఎందుకు దగ్గలేదో నేను విచారించలేదు. నాకు వేరే పని తగిలింది. కుడి కిటికీలోంచి భాషికంతో సహా తల బయటపెట్టి, "రా... రా... ఒద్దొద్దు! లారీ!" అని అరవాలి. గేటు దగ్గర చెయ్యి చాపి కట్టాలి. వేడి గాలి నేరుగా నా ఒళ్ళోకే కొడుతోంది. ఆ బియ్యం కోవూరు చేరేలోపు అన్నం కాకుండా ఎలా మిగిలాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మనుబోలు దగ్గర ఈల వినిపించింది. ఆ పోలీసాయనే! మళ్ళీ కుడి కిటికీ దగ్గరికే వచ్చాడు.

"ఏమయా పెళ్ళికొడకా, స్టీరింగ్ ఒదిలేసి ఒళ్ళో మూట పట్టుకోనుండావు?" అని, కారుని పోల్చుకుని ఆగాడు. "ఓ, ఆ బండా! ఆ నిద్రపోయినోడు యాడ?"

"ఎనక పెళ్ళి బస్సులో నిద్రపోతా ఉండాడు సార్."

ఆయన వంగి అటు పక్క చూశాడు. సుజన లైసెన్సు చూపించింది. ఆయన నిటారుగా నిలబడి, "నేను ఆ రోజు ధైర్యస్తుడని నిన్నన్నాను. తప్పు. ధైర్యం ఆ అమ్మాయిది" అని దారి వదిలాడు.

పెన్న వంతెన దాటి కోవూరు చేరేసరికి మా వీధంతా గుమ్మాల్లో ఉంది. అక్కడివాళ్ళకి జరిగిందేమీ తెలియదు. కుడి సీట్లో నన్ను చూడగానే మా బాబాయి కేక పెట్టాడు. "చెప్పినట్టే తోలకొచ్చినాడ్రా! మాటంటే మాటే!"

జనం ఈలలు వేశారు. నేను చెప్పొద్దూ, ఛాతీ పొంగించి, గంభీరంగా తలూపాను. ఊరంతా నమ్మింది. బస్సు ఇంకా రాలేదు. నా పరువు నాకు తిరిగి వచ్చేసింది. సుజన నా వైపు చూసి, చిన్నగా నవ్వి, ఎడమ పక్క నుంచి హారను నొక్కింది. ఒకసారి కాదు, ఊరు మొత్తం వంగి ఆమె చేతులు ఎక్కడున్నాయో చూసేదాకా.

ఆ హారను తర్వాత బాబాయి గడపలోనే కూలబడి నవ్వాడు. మూడు రోజులు అన్నం తినేటప్పుడు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, ఎప్పుడంటే, ఆ రాత్రి సుజన నవ్వాపుకోలేక దిండులో మొహం దాచుకున్నప్పుడు. ఆ నవ్వు చూశాక కారు మీద కోపం పోయింది. అయినా అమ్మేశాను. మంచు పడే ఊరికి పోయి సుఖపడమని దండం పెట్టి పంపించాను.

తర్వాత జాగ్రత్తగా ఒక మామూలు కారు కొన్నాను. నాలుగు తలుపులు, చల్లటి గాలి, అన్నిటికీ మించి స్టీరింగ్ కుడి పక్క. ఇప్పుడు నేను కుడి పక్క కూర్చుని తోలతాను, పెళ్ళాం నాకు ఎడమ పక్క కూర్చుంటుంది, శాస్త్రమూ నిలబడుతుంది, నా మీసమూ నిలబడుతుంది. మొదటిసారి బండి పూజకి నెల్లూరు గుడికి బయల్దేరే రోజు తాళంచెవి గలగలలాడించుకుంటూ బయటికి వచ్చాను.

అప్పటికే ముందు ఎడమ సీట్లో జేజి కూర్చుని ఉంది. కుడి సీట్లో స్టీరింగ్ పట్టుకుని సుజన.

"ఇదేంది జేజీ!" అన్నాను. "శాస్త్రం ఏమైంది? పెళ్ళాం కుడి పక్కకి రాకూడదంటివే!"

జేజి బోసినోటితో నవ్వి, సుజన భుజం మీద చెయ్యి వేసింది.

"నీకు పెళ్ళాం గానీ, నాకు కూతురు గదరా. కుడి పక్కన కూర్చునేది కూతురని ఆ రోజే చెప్పినా. నువ్వు ఎనక కూర్చో పో. ఆ నిమ్మకాయల బుట్ట నలిగిపోకుండా పట్టుకో."

ఆ వెనక సీట్లోనే, ఆ బుట్టలోని గూడూరు నిమ్మకాయల మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో యూరప్ అన్న మాట రాసి ఉన్న వస్తువేదీ కొనను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని మళ్ళీ కారు కొనాల్సి వస్తే, స్టీరింగ్ ఎటు ఉందో చూడను. జేజి ఎటు కూర్చుందో చూసుకుని కొంటాను.